రెండడుగుల తొట్టిలో గప్పీలు, ప్లాటీలు, మోలీలు: మూడేళ్ళు నడిపాక

గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కనే గప్పీ, ప్లాటీ, మోలీ లాంటి చేపల్ని దుకాణాల్లో "కొత్తవాళ్ళ చేపలు" అని చెప్పి అమ్ముతారు. మూడేళ్ళ వాడకం తర్వాత చూస్తే ఆ మాట సగమే నిజం. వీటిని బతికించడం తేలికే, లెక్కలో ఉంచడమే కష్టం.

తొట్టి 24 × 12 × 12 అంగుళాలది, గాజు మందం 5 మిల్లీమీటర్లు. అంచుదాకా నింపితే 56 లీటర్లు పడుతుంది. అంగుళం మందాన ఇసుక, పైన ఒకటిన్నర అంగుళాల ఖాళీ తీసేస్తే చేపలకు మిగిలేది 45 లీటర్లు. మందు వేసినా ఉప్పు వేసినా ఈ 45కే లెక్కగట్టాలి. నిండాక బరువు 60 కిలోలు దాటుతుంది కాబట్టి పలచటి చెక్క బల్లల మీద పెట్టకూడదు. అడుగున థర్మకోల్ షీటు తప్పనిసరి.

ఫిల్టర్ విషయంలో ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు. మోటారు ఫిల్టర్లు అప్పుడే పుట్టిన పిల్లల్ని లోపలికి లాగేస్తాయి, స్పాంజి లాగదు. పంపును మాత్రం నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తగిలించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి జారి పంపులోకి, ఆపైన నేల మీదికి వస్తాయి.

ఈ చేపలకు మన నీళ్ళు బాగా నప్పుతాయి. బట్టల సబ్బు నురగ రాని గట్టి బోరు నీళ్ళే వీటికి ఇష్టం. పీహెచ్ 7 నుంచి 8.2 దాకా, గట్టిదనం 10 నుంచి 20 డిగ్రీల జీహెచ్ (గట్టిదనాన్ని కొలిచే కొలమానం) దాకా ఉంటే హాయిగా ఉంటాయి. మంచి నీళ్ళు కదా అని ఆర్వో నీళ్ళు పోస్తే మోలీలు రెక్కలు ముడుచుకుని, కదలకుండా ఒకేచోట నిలబడి ఒళ్ళు ఊపడం మొదలుపెడతాయి. చాలామంది దాన్ని జబ్బనుకుని మందులు వేస్తారు. నీళ్ళు మార్చి మళ్ళీ గట్టిదనం తెస్తే చాలాసార్లు అదే తగ్గుతుంది. టీడీఎస్ మీటరు చూపే అంకె గట్టిదనం కాదు, నీటిలో కరిగిన లవణాలన్నిటి మొత్తం. గట్టిదనం తెలియాలంటే జీహెచ్ చుక్కల కిట్టే కొనాలి.

గట్టి నీళ్ళకు ఒక చిక్కు కూడా ఉంది. పీహెచ్ 7 దగ్గర, 28 డిగ్రీల వేడిలో, మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. పీహెచ్ 8కి చేరితే అది దాదాపు పదింతలవుతుంది. అందుకే బోరు నీళ్ళ తొట్టిలో మేత ఎక్కువైతే శిక్ష కూడా తొందరగా పడుతుంది. బోరు నుంచి తోడిన నీళ్ళను వెంటనే పోయకుండా ఒక రోజు బకెట్లో గాలి బుడగలతో ఉంచాలి, అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు. మునిసిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయకుండా పోయకూడదు.

కొత్త తొట్టిలో నీళ్ళు పోసిన రోజే చేపల్ని వదిలితే మొదటి రెండు వారాల్లో సగం పోవడం మామూలే. వాటి రెట్టలోంచి, మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజిలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇప్పటికే నడుస్తున్న ఆరోగ్యకరమైన తొట్టిలోంచి మురికి పట్టిన స్పాంజి ముక్క దొరికితే ఆ వ్యవధి బాగా తగ్గుతుంది. బాటిల్ బాక్టీరియా కన్నా దాన్నే నమ్మొచ్చు.

ఇక చేపలు. ఈ పరిమాణానికి ప్లాటీయే మొదటి ఎంపిక. గట్టి ఒళ్ళు, తోక కొరికే గుణం తక్కువ. గప్పీ రెండోది. రంగులు ఎంత గాఢమైతే, తోక ఎంత వెడల్పయితే ఒళ్ళు అంత సున్నితం. ఒకే సంతానంలోని చేపల్నే మళ్ళీ మళ్ళీ జతకట్టించి తీసిన రకాలవి. మోలీలు ఒక మగ, రెండు ఆడకు మించితే ఈ తొట్టి చాలదు. రెక్క పెద్దదైన సెయిల్‌ఫిన్ రకం అసలే వద్దు. బెలూన్ మోలీ అంటే వంకర తిరిగిన వెన్నెముకే, దాన్ని కొనకపోవడమే మంచిది. స్వోర్డ్‌టెయిల్ 10 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, మూత లేకపోతే దూకుతుంది. ప్లాటీతో కలిపి ఉంచితే రెండూ సంకరమవుతాయి.

ఒక్క మగ చేపకు రెండు మూడు ఆడచేపలు అనే సూత్రం పిల్లలు కావాలనుకునేవాళ్ళకు. వద్దనుకుంటే అన్నీ మగ గప్పీలే పది పన్నెండు వేసుకోవాలి. మగవాటిని గుర్తించడం సులువు: కింది రెక్క సన్నని పుల్లలా ఉంటుంది. అన్నీ ఆడవే తెస్తే గొడవ ఉండదనుకోవడం పొరపాటు. దుకాణంలోంచి వచ్చే ఆడచేప దాదాపు ఎప్పుడూ కడుపుతోనే వస్తుంది, పైగా ఒకసారి కలిసిన మగ చేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని మళ్ళీ మళ్ళీ కంటుంది. సుమారు 28 రోజులకో కాన్పు, ఒక్కో కాన్పుకు 20 నుంచి 50 దాకా. మూడు ఆడచేపలతో మొదలైన తొట్టి ఆరు నెలల్లో కిక్కిరిసిపోతుంది.

చేపపిల్లల్ని కాపాడటానికని అమ్మే ప్లాస్టిక్ పెట్టెల్లో తల్లిని బంధిస్తే అది బెదిరి, నెలలు నిండకుండానే కనేస్తుంది. అంతకన్నా హార్న్‌వర్ట్, జావా మాస్ లాంటి నీటి మొక్కలు ఒత్తుగా పెంచితే చాలు, పెద్ద చేపలు తినేసే పిల్లలు పోతాయి, మొక్కల్లో దాక్కున్నవి మిగులుతాయి. జనాభా అదుపునకు అది కూడా ఒక మార్గమే. పెంచాలనుకుంటే పిల్లలకు ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్య లాంటి చిన్న జీవి) కన్నా మంచి మేత లేదు. లీటరు నీళ్ళకు 25 నుంచి 30 గ్రాముల కళ్ళుప్పు, అర చెంచా ఆర్టీమియా గుడ్లు, బలంగా గాలి, 26–28 డిగ్రీల వేడి: 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన పనిచేస్తుంది గానీ మిగిలిందంటే ఆ రాత్రే నీళ్ళు పాడు. గప్పీ పిల్లల్ని నాలుగో వారం నిండేలోపే మగ, ఆడ వేరు చేయాలి.

పోషణలో పెద్ద తప్పు, మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది, నెలకోసారి చేపల్ని బకెట్లోకి తీసి తొట్టి, గులక, స్పాంజి అన్నీ కుళాయి కింద కడిగేయడం. క్లోరిన్ తగిలి బాక్టీరియా పోతుంది, తొట్టి మళ్ళీ మొదటికొస్తుంది. మూడు నాలుగు రోజుల్లో చేపలు పైకి తేలి ఊపిరాడనట్టు ఉంటే కారణం అదే. వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు సైఫన్ గొట్టంతో అడుగు మురికితో సహా తీసి, అంతే వేడి ఉన్న నీళ్ళు పోయాలి. స్పాంజిని మూడు వారాలకోసారి, ఆ తీసిన పాత నీళ్ళలోనే రెండు మూడు సార్లు పిండితే చాలు. మేత రోజుకు రెండుసార్లు, నిమిషంలో తినేసేంత. మోలీలకు ఉడికించిన పాలకూర గానీ పచ్చిబఠాణీ గానీ వారంలో రెండుసార్లు కావాలి.

జబ్బుల్లో తెల్లమచ్చలకు భయపడాల్సింది లేదు. వేడి 29–30కి పెంచి, లీటరుకు 1 నుంచి 2 గ్రాముల ఉప్పు క్రమంగా కలిపితే తగ్గుతాయి, ఈ చేపలు ఉప్పును బాగా తట్టుకుంటాయి. తొట్టిలో మొక్కలుంటే ఈ చికిత్స వేరే టబ్బులో చేయాలి. భయపడాల్సింది కామలానస్ అనే పేగు పురుగుకు. చేప కదలకుండా ఉన్నప్పుడు మలద్వారం దగ్గర ఎర్రని దారపు పోగుల్లా బయటకు కనబడతాయి. ఇది ఎక్కువగా కొత్త చేపలతోనే వస్తుంది, అందుకే వాటిని మూడు నాలుగు వారాలు 20 లీటర్ల టబ్బులో విడిగా ఉంచాలి. దీనికి లెవామిసోల్ పనిచేస్తుంది. పశువుల మందుల దుకాణంలో గొర్రెల నట్టల మందుగా దొరుకుతుంది, కానీ చాలా సీసాల్లో ఇంకో మందు కలిసి ఉంటుంది. లెవామిసోల్ ఒక్కటే ఉన్నది తీసుకోవాలి. లీటరుకు 2 మిల్లీగ్రాములు, అంటే ఈ తొట్టికి 90. దీపం ఆర్పి 24 గంటలు ఉంచి, సగం నీళ్ళు మార్చి, అడుగు శుభ్రంగా సైఫన్ చేయాలి. పురుగులు ఊడి పడతాయి, చావవు. అందుకే అడుగు తీయడం మందు వేసినంత ముఖ్యం. మళ్ళీ మూడు వారాలకు రెండోసారి.

మే నెలలో గది 36 దాటితే నీళ్ళు 32 దాటుతాయి, వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. స్వోర్డ్‌టెయిల్ ఉన్నవాళ్ళు మూత బదులు వల కప్పాలి. ఆవిరైన మేరకు మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే లవణాలు పేరుకుపోతాయి, ఆ తగ్గిన అంగుళం వరకు మాత్రం ఆర్వో నీళ్ళు పోయొచ్చు. ఆర్వోకు ఈ తొట్టిలో ఉన్న పని అదొక్కటే.