పడవ కొనేముందు పక్క పడవలు కూడా చూడండి

మెరీనాలో (పడవలు కట్టి ఉంచే రేవులో) సెకండ్‌హ్యాండ్ పడవను బెర్త్‌తో (దాన్ని కట్టుకునే చోటుతో) సహా కొనాలనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు. నేను పడవను సర్వేయర్‌తో తనిఖీ చేయించాను, ఇంజన్ నడిపించాను, నీళ్లలోంచి పైకి తీయించి అడుగంతా తట్టి చూశాను. అటూ ఇటూ కట్టి ఉన్న పడవలను మాత్రం పట్టించుకోలేదు.

ఆ రెండింటి డెక్‌ల మీద పాకుడు, ఎండకు పెళుసెక్కిన తాళ్లు, గాలి పోయిన ఫెండర్లు (పడవ దేనికీ గుద్దుకోకుండా పక్కన వేలాడదీసే బుడగలు). యజమానులు ఎప్పుడొస్తారో తెలియదు. జెట్టీ కరెంటు వైరు మాత్రం ఏడాది పొడుగునా తగిలించే ఉంటుంది. నాకు నష్టం మొదలైంది అక్కడే.

ఉప్పునీటిలో ప్రొపెల్లర్, షాఫ్ట్ పాడవకుండా వాటికి బదులుగా కరిగిపోయేందుకు జింక్ ఆనోడ్లు అనే లోహపు ముక్కలు బిగిస్తారు కదా. మామూలుగా అవి ఏడాది దాకా వస్తాయి, సగం అరిగితే మార్చాలి. నావి మూడు నెలలకే పోయాయి. నీళ్లలోకి దిగిన డైవర్‌కు బోల్టులు మాత్రమే కనిపించాయి. ప్రొపెల్లర్ అక్కడక్కడా గులాబీ రంగుకు తిరిగింది. అంటే ఆ మిశ్రమ లోహంలోని జింక్ పోయి రాగి మిగిలిందన్నమాట. ఇక దాన్ని నమ్మడానికి లేదు.

ఒకే జెట్టీ కరెంటుకు తగిలించిన పడవలన్నీ ఎర్త్ వైరు ద్వారా కలిసి ఉంటాయి. స్విచ్ కట్టేసినా, ప్లగ్గు పీకేదాకా ఆ కలయిక పోదు. ఉప్పునీరు తోడై అంతా కలిసి ఒక బ్యాటరీలా పనిచేస్తుంది. పక్కవాళ్లు తమ ఆనోడ్లు మార్చకపోతే, మన ఆనోడ్లు వాళ్ల పడవను కూడా కాపాడుతూ కరిగిపోతాయి. గాల్వానిక్ ఐసోలేటర్ అనే పరికరం పెట్టిస్తే ఈ చిన్న డీసీ కరెంటు ఆగుతుంది. అంతేగానీ ఎర్త్ వైరు కోసేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఇంకొకటి. మొదట్లో ప్రతి వారం డెక్ కడిగేవాణ్ణి. చుట్టూ ఒక్కరూ చీపురు పట్టకపోయేసరికి నాకూ ‘వచ్చే వారం చూద్దాంలే’ అనిపించడం మొదలైంది. తాడు రాపిడికి నలిగిందని కళ్లారా చూసి కూడా మార్చలేదు. వేరే బెర్త్‌కు మారాక, పక్క పడవ పెద్దాయన మొదటి రోజే, “బాబూ, క్లీట్ (తాడు చుట్టి కట్టే కొమ్ము) దగ్గర నీ తాడు తెగేలా ఉంది, నా దగ్గర ఒకటుంది, వాడుకో” అన్నారు. ఆ సాయంత్రమే నా తాళ్లన్నీ మార్చాను. ఆయన ఆదివారాలు పడవ కడుగుతుంటే నేను ఊరికే కూర్చోలేకపోతున్నాను.

అందుకే సెలవు రోజున ఒకసారి ఆ జెట్టీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ప్లగ్గులు కాలి నల్లబడ్డాయా? మనిషి లేని పడవలోంచి పంపు పదేపదే నీళ్లు తోడిపోస్తోందా? అక్కడ పనిచేసే డైవర్‌ను ఆనోడ్లు ఎన్నాళ్లు వస్తున్నాయో అడగండి. బెర్త్ మార్చుకునే వీలుందో లేదో డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. నేను నోటిమాట నమ్మి ఏడాదంతా ఎదురుచూడాల్సి వచ్చింది.