మిస్సింగ్ పట్టడానికి ఏది మేలు: ఫోన్ స్కానరా, ఆటోనగర్ మెకానిక్ చెయ్యా?

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే కారు దగ్గడం మొదలుపెట్టింది. మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోకుండా జర్కులు. మీటరులో పసుపు ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. బ్రిడ్జి దిగాక ఏమీ ఎరగనట్టు మామూలైపోయింది. ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోతే వచ్చే తంటా ఇది, దీన్నే మిస్సింగ్ అంటారు. లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇల్లు చేరొచ్చు. మినుకుతోందంటే మాత్రం కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తోందని. అది పాడైతే ప్లగ్గుల ఖర్చు గుర్తుకు కూడా రాదు.

ముందు వెళ్లిన షాపులో చూడకుండానే తేల్చేశారు: నాలుగు ప్లగ్గులు (పెట్రోలును అంటించేవి), నాలుగు కాయిళ్లు (ప్లగ్గులకు కరెంటు పంపేవి), ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మేది) క్లీనింగ్. మామూలు ప్లగ్గులు 30-40 వేల కిలోమీటర్లు తిరిగి ఉంటే ఎలాగూ మార్చాల్సిందే, అందులో తప్పు లేదు. జబ్బు తెలియకుండా కాయిళ్లన్నీ మార్చడమే చీకట్లో రాయి విసరడం. అక్కడి నుంచి వచ్చేశాను.

ఇక మిగిలినవి రెండు. మొదటిది స్కానర్. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్‌లో చూడటం. మన దేశంలో 2013 తర్వాత వచ్చిన బీఎస్-4, బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణాలు) పెట్రోలు కార్లలో ఇది పనిచేస్తుంది. నాకు పీ0302 అనే కోడ్ చూపించింది, అంటే రెండో సిలిండర్. పీ0300 వస్తే ఫలానా సిలిండర్ అని తేలలేదని లెక్క. ఇంజన్ ఇరుసు (క్రాంక్) తిరిగే వేగంలో ఎక్కడ తడబాటు వచ్చిందో చూసి కారులోని కంప్యూటర్ ఈ నంబరు ఇస్తుంది. కాబట్టి అది చెప్పేది ఎక్కడ అనే, ఎందుకు అని కాదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, కంప్రెషనా (సిలిండర్ లోపలి గాలి ఒత్తిడి), దానికి తెలియదు. ఇక్కడే చాలామంది నంబరు చూసి కాయిల్ కొనేస్తారు. నేనూ ఆన్‌లైన్‌లో కార్ట్‌లో వేసుకున్నాను, అబద్ధమెందుకు.

రెండోది మార్పిడి. వరంగల్ ఆటోనగర్‌లో మారుతి 800 మీద పని నేర్చుకున్న పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఫోన్ చూపించగానే ఆయనన్న మాట: "సారూ, రెండోదాని కాయిల్ దీసి మూడోదాంట్ల పెడ్దాం. మిస్సింగ్ గూడ దాని ఎంబడి పోతే కాయిలే దొంగ." పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. మళ్లీ అదే బ్రిడ్జి ఎక్కించాం, ఎత్తు ఎక్కితేనే కదా బయటపడేది. ఈసారి స్కానర్‌లో రెండూ వచ్చాయి, 0302, 0303.

నాకు టెన్షన్. ఆయన మాత్రం నవ్వి, ఇంజన్ చల్లారేదాకా ఆగుదామన్నాడు. అల్యూమినియం హెడ్ వేడిమీద ఉండగా ప్లగ్గు విప్పితే మరలు పోతాయట. తర్వాత రెండో ప్లగ్గు తీసి ఎండకు పట్టి చూపించాడు. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కింది దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. ప్లగ్గు మీదికి తొడిగే కాయిల్ రబ్బరు బూటు లోపల టార్చి వేస్తే దానికి సరిగ్గా జోడీగా ఇంకో గీత. కరెంటు ప్లగ్గు కొసకు పోకుండా ఆ గీత వెంట పక్కనున్న ఇనుములోకి జారిపోతోంది. అందుకే బూటు ఎటు వెళితే అటు ఒక మిస్సింగ్, పాత ప్లగ్గు ఉన్నచోట ఇంకొకటి. ప్లగ్గు ఒక్కటే మార్చి ఉంటే పాత బూటు కొత్తదాన్నీ పాడు చేసేది. నా కారుకు బూటు విడిగా దొరకలేదు, ఒక కాయిల్, గడువు దాటాయి కనుక నాలుగు ప్లగ్గులు మార్పించాను.

నా ఓటు మార్పిడికే, అదీ మిస్సింగ్ నిలకడగా ఉన్నప్పుడు. ఎప్పుడో ఓసారి వచ్చిపోయే మిస్సింగ్‌కు స్కానరే గట్టిది. కోడ్ పడిన క్షణంలో స్పీడెంత, ఇంజన్ వేడెంత అన్నది దాచిపెడుతుంది, షెడ్డుకు వెళ్లేసరికి బండి బుద్ధిగా ఉన్నా రుజువు ఉంటుంది. ఐడిలింగ్‌లోనే వణికి రేజ్ చేస్తే సర్దుకుంటే ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు, దాన్నీ లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ చేసే పెట్రోలు మోతాదు సవరణ) పట్టిస్తుంది. కాయిళ్లు మార్చి అది తేల్చడం కుదరదు.

ఒక్కటి మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. పాత బళ్లలోలా ఇంజన్ నడుస్తుండగా కాయిల్ పైకెత్తి నిప్పురవ్వ చూడటం. వేల వోల్టులు, చేతికీ కంప్యూటర్‌కీ ప్రమాదం. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు, అది ఇంజెక్టర్ల గొడవ. ఇక పెట్రోలు కారులో కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ మూడూ మార్చి చూసినా మిస్సింగ్ అదే సిలిండర్‌ను వదలకపోతే, కంప్రెషన్ గేజి ఉన్న షెడ్డు వెతుక్కోవాల్సిందే.