రెండు మోకాళ్లు, రెండు రకాల స్క్రూలు: నా ఓటు టైటానియానికే

కబడ్డీ పుణ్యమా అని నాకు రెండు మోకాళ్లలోనూ ఏసీఎల్ తెగింది, అంటే మోకాలి లోపల పై ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే పట్టీ లాంటి లిగమెంట్. ఎడమదానికి 2014లో టైటానియం స్క్రూ వేశారు. కుడిదానికి 2021లో కరిగిపోయే రకం వేశారు, ఆసుపత్రి వాళ్ల భాషలో ‘బయో స్క్రూ’. పోల్చి చెప్పే అర్హత ఇంతకంటే ఏం కావాలి!

రెండుసార్లూ ఆపరేషన్ ఒకటే. తెగిన లిగమెంట్ బదులు పెట్టడానికి తొడ వెనక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది) తీసి, మడిచి, పై ఎముకకు చిన్న బటన్ లాంటి బిళ్లతో తగిలించారు. కింది ఎముక బెజ్జంలో అది జారకుండా పక్కనే బిగించేదే ఈ స్క్రూ. 9 మిల్లీమీటర్ల లావు, అంగుళం పొడవు. టెండన్ ఎముకకు అతుక్కునే దాకానే దానితో అసలు పని, అంటే సుమారు మూడు నెలలు. ఆ తర్వాత ఊరికే ఉంటుంది.

“కరిగిపోతుంది సార్, ఒంట్లో లోహం ఉండదు” అని కౌంటర్లో బాగానే చెప్పారు. బిల్లులో ఆ ఒక్క లైనే టైటానియానికి రెండింతలు దాటింది. డిశ్చార్జి ఫైల్లో అంటించిన స్టిక్కర్ చూస్తే పీఎల్‌ఎల్‌ఏ అనే కరిగే ప్లాస్టిక్‌లో ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కాల్షియం ఖనిజం కలిపిన రకం. పీఎల్‌ఎల్‌ఏ అంత తొందరగా కరిగే సరుకు కాదు, ఏళ్లు పడుతుంది. రెండేళ్ల తర్వాత ఎమ్మారై తీస్తే దాని మర చుట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో కోత పెట్టిన చోట ఉసిరికాయంత బుడిపె లేచింది. నొప్పి లేదు గానీ టెన్షన్ మాత్రం పట్టుకుంది. స్క్రూ కరిగేటప్పుడు కొందరికి ఇలా నీటితిత్తి వస్తుందని సర్జన్ అన్నారు. అదే మెల్లగా తగ్గింది.

టైటానియానికి వంక లేదని కాదు. ఎమ్మారైలో స్క్రూ చుట్టూ నల్లగా కమ్మేస్తుంది. లిగమెంట్ మళ్లీ తెగి రెండో ఆపరేషన్ పడితే, బెజ్జానికి అడ్డొచ్చే స్క్రూను ముందు ఊడదీయాలి. మోకాళ్ల మీద కూర్చుంటే ఎడమవైపు కాస్త గుచ్చుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారీ కుయ్‌మనలేదు, ఆ భయం వదిలేయండి.

వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 2016లో ఈ రెంటినీ రోగుల మీద పోల్చిన ట్రయల్స్‌ను కలిపి చూశారు. మోకాలి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. బయో రకంలో మాత్రం వైఫల్యాలు ఎక్కువ, బిగించేటప్పుడే విరిగిపోవడంతో సహా. ఆ ట్రయల్స్ అంత గట్టివి కావని కూడా వాళ్లే రాశారు. నా మోకాళ్ల లెక్కా అంతే. మెట్లు దిగేటప్పుడు ఏది ఏదో నాకే తెలియదు.

కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టమంటే ఎందుకని అడగండి. ముందుముందు ఆ మోకాలికి ఎమ్మారైలు పడతాయంటే బయో తీసుకోవడంలో అర్థం ఉంది. మీ సర్జన్ రోజూ వేసేది బయో రకమే అయితే, నా మాట పట్టుకుని ఆయన్ని టైటానియం వేయమని పట్టుబట్టకండి. మిగిలిన డబ్బు మంచి ఫిజియోకి పెట్టండి.