రెండు లీటర్ల యూరిన్ బ్యాగ్: వాల్వ్ బాగుంది, గీతలను మాత్రం నమ్మలేం

కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. దాదాపు 99 శాతం తిరిగి రక్తంలోకే పోతుంది. మిగిలే లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. ఆ లెక్కన క్యాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) వేసిన పెద్దవాళ్లకు 2 లీటర్ల బ్యాగ్ సైజు సరైనదే. అయినా నిండేదాకా ఉంచకూడదు, మూడింట రెండొంతులకు రాగానే ఖాళీ చేయాలి. లేకపోతే బ్యాగ్ బరువుకు క్యాథెటర్ లాగుతుంది, ఆ లాగుడంతా క్యాథెటర్ జారకుండా మూత్రాశయం లోపల పట్టి ఉంచే బెలూన్ మీద పడుతుంది.

ఇందులో మెచ్చుకోవాల్సింది ట్యూబ్ బ్యాగ్‌లోకి దిగే చోట ఉన్న నాన్ రిటర్న్ వాల్వ్. రెండు పలచని ప్లాస్టిక్ పొరలు, అంతే. మూత్రం దిగేటప్పుడు విడిపోతాయి, వెనక్కి తన్నితే అతుక్కుపోతాయి. నీళ్లు నింపి తలకిందులుగా నొక్కినా చుక్క వెనక్కి రాలేదు. (అలా పరీక్షించిన బ్యాగ్‌ను రోగికి తగిలించకూడదు.) వాల్వ్ ఉంది కదా అని బ్యాగ్‌ను పరుపు మీద పెట్టేవాళ్లున్నారు. అది చాలా తప్పు. వాల్వ్ ఆపేది బ్యాగ్‌లో ఉన్నదాన్నే. ట్యూబ్‌లో నిలిచిన మూత్రానికి అడ్డేమీ లేదు, అది తిన్నగా మూత్రాశయంలోకి పోతుంది, క్రిములతో సహా. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు.

ట్యూబ్ పొడవు మీటరుకు దగ్గరగా ఉంది. పక్కకు తిరగడానికి సుఖమే గానీ, మిగులు ట్యూబ్ ఉయ్యాలలా కిందికి వేలాడి, ఆ వంపులో మూత్రం నిలిచి పైనుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. దుప్పటికి బిగించే క్లిప్ ఇవ్వకపోవడం పెద్ద లోటు.

కింద ట్యాప్ టీ ఆకారంలో ఉంది, ఒక చేత్తో తోస్తే తెరుచుకుంటుంది, కారడం లేదు. ఖాళీ చేసేటప్పుడు దాని కొస పాత్రకు తగలనివ్వొద్దు.

గీతలు 100 మిల్లీలీటర్లకొకటి. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలని చూస్తాం (కిలోకు అర మిల్లీలీటరు). అంత చిన్న కొలత ఈ బ్యాగ్ అడుగున, ప్లాస్టిక్ ముడతల్లో, తెలియనే తెలియదు. గంట గంటకూ లెక్క కావాలంటే యూరోమీటర్ (చిన్న కొలతలు చూపే గట్టి ప్లాస్టిక్ గది) ఉన్న బ్యాగే తీసుకోవాలి.

మూత్రం పడటం ఆగితే ముందు ట్యూబ్ మెలిక పడిందా, రోగి దాని మీద పడుకున్నాడా, బ్యాగ్ పైకెక్కిందా చూడాలి. మలబద్ధకం కూడా దారిని నొక్కేయగలదు. ఇవేవీ కాకుండా పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉంటే క్యాథెటర్‌లోనే అడ్డం పడిందని అర్థం, నర్సును వెంటనే పిలవాలి. క్యాథెటర్, బ్యాగ్ ట్యూబ్ కలిసే జాయింట్ విప్పి చూడటం మాత్రం వద్దు.

బ్యాగ్ ఊదా రంగుకు తిరిగితే సరుకు నాసిరకమని వాపసు ఇవ్వబోకండి. మూత్రంలోని బ్యాక్టీరియా తయారుచేసే నీలి, ఎరుపు రంగులు ప్లాస్టిక్‌కు పట్టడం వల్ల అలా అవుతుంది. చాలాకాలంగా క్యాథెటర్ ఉండి మలబద్ధకం ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. చూపించాల్సింది డాక్టర్‌కు.