11 మంది టీమ్‌లో ఏడు నెలలు వాడాక: ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌పై నా రివ్యూ

మా టీమ్‌లో 11 మందిమి. సరుకు రవాణా కంపెనీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. వెనక సర్వర్‌లో జావా, ముందు స్క్రీన్లకు రియాక్ట్, కోడ్ వయసు తొమ్మిదేళ్లు. ఏడు నెలల క్రితం అందరికీ ఒకేసారి ఏఐ కోడింగ్ అసిస్టెంట్ సీట్లు (మనిషికో లైసెన్స్) తీసుకున్నాం. టైప్ చేస్తుంటే తర్వాతి లైన్లు చూపిస్తుంది, పక్కన చాట్ ఉంటుంది, పని అప్పజెప్తే ఫైళ్లు తనే తెరిచి మార్చుకుంటూ పోయే ఏజెంట్ మోడ్ కూడా ఉంది. టూల్ పేరు రాయడం లేదు. ఈ ఏడు నెలల్లోనే దాని వెనక మోడల్ రెండుసార్లు మారింది కాబట్టి పేరు చూసి కొనేవాళ్లకు నా అనుభవం ఉపయోగపడదు. టీమ్ మొత్తానికి ఇలాంటిది తీసుకుందామా అని ఆలోచిస్తున్న లీడ్‌ల కోసం రాస్తున్నాను.

మేం పెద్ద తప్పు చేసింది మొదటి నెలలోనే. సీట్లు ఇచ్చాం, గంటసేపు డెమో పెట్టాం, ఇక వాడుకోండి అన్నాం. రెండో వారానికల్లా పుల్ రిక్వెస్టులు, అంటే అసలు కోడ్‌లో కలిపే ముందు చూడమని పంపే మార్పులు, కుప్పలు పడ్డాయి. రివ్యూ చేసేది నేను, ఇంకో సీనియర్, ఇద్దరమే. అంతకుముందు పొద్దున గంట కూర్చుంటే అయిపోయే పని మధ్యాహ్నం దాకా సాగేది. పైగా ఆ కోడ్ చూడ్డానికి చాలా నీట్‌గా ఉంటుంది. పేర్లు బాగుంటాయి, కామెంట్లు ఉంటాయి. మనిషి హడావిడిగా రాసిన చోట గజిబిజి కనిపిస్తుంది, కన్ను అక్కడే ఆగుతుంది, తప్పు కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. అసిస్టెంట్ రాసిన దాంట్లో ఆ ఆనవాలు ఉండదు. తప్పు లైనూ ఒప్పు లైనూ ఒకేలా ఉంటాయి, అన్నీ చదవాల్సిందే. ఒకరోజు 1,400 లైన్ల పుల్ రిక్వెస్ట్ వచ్చింది. సగం చదివేసరికి అలిసిపోయి, అప్రూవ్ నొక్కేశాను.

మిగతా సగంలో రౌండింగ్ బగ్ ఉంది. డిస్కౌంట్ లెక్కలో దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ ఉండాల్సిన చోట, సుమారుగా ఉంచే డబుల్ వాడింది అసిస్టెంట్. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, అందుకే డబ్బు లెక్కల్లో దాన్ని ముట్టుకోం. ఇది మా అందరికీ తెలిసిన విషయమే. మరి కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులు ఎలా పాసయ్యాయి? ఆ టెస్టులు రాసింది కూడా అసిస్టెంటే. తన కోడ్ ఇచ్చే జవాబునే సరైన జవాబుగా టెస్టులో పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత కస్టమర్ అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది, ఇన్‌వాయిస్ మొత్తానికీ లైన్ల కూడికకూ పొంతన లేదని. ఆ రాత్రే సరిచేసి కొత్త ఇన్‌వాయిస్‌లు పంపాం. తప్పు టూల్‌ది అని నేను ఎవరికీ చెప్పలేదు. అప్రూవ్ చేసింది నేను.

మర్నాడు కూర్చుని నియమాలు రాసుకున్నాం. 300 లైన్లు దాటిన పుల్ రిక్వెస్ట్ చదవకుండానే వెనక్కి పంపుతాం. డబ్బుకు సంబంధించిన టెస్టుల్లో రావాల్సిన జవాబును ముందు మనిషి లెక్కేసి రాయాలి, కోడ్ రాయించడం ఆ తర్వాతే. పంపినవాళ్లు అందులోని ప్రతి లైనూ ఎందుకుందో చెప్పగలగాలి. ఈ చివరి దాని మీద నేను ఇప్పటికీ పట్టు వదలను.

దానికి కారణం మా జూనియర్లు. ఏడాది కిందట చేరిన అమ్మాయి ఒక రివ్యూలో, "అక్కా, ఈ రీట్రై లూప్ ఎందుకు పెట్టిందో నాకూ తెలీదు. తీసేస్తే టెస్ట్ ఫెయిలవుతోంది" అంది. ఇద్దరం డీబగ్గర్ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాం. రెండు థ్రెడ్లు, అంటే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే రెండు పనులు, ఒకే రికార్డును ఒకేసారి మారుస్తున్నాయి. ఫెయిలైతే మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఆ లూప్ గొడవను సరిచేయలేదు, కనబడకుండా కప్పేసింది. రీట్రై తీసేసి, ఒకసారికి ఒక్క థ్రెడ్డే మార్చేలా లాక్ పెట్టింది తనే. అది పట్టుకున్నప్పుడు ఆ అమ్మాయి ముఖంలో కనిపించిన సంతోషం ఈ టూల్ వల్ల ఎవరికీ దూరం కాకూడదని నా పట్టుదల. ఇప్పుడు జూనియర్లు పని మొదలుపెట్టే ముందు ఏం చేయబోతున్నారో ఐదారు లైన్లలో సొంతంగా రాసి నాకు చూపిస్తారు. అసిస్టెంట్‌ను తెరిచేది ఆ తర్వాతే.

ఇక ఇది నిజంగా బాగా చేసే పనుల గురించి. మా దగ్గర 3,000 లైన్ల పాత ఫైల్ ఒకటి ఉంది. రాసినాయన ఎప్పుడో మానేశారు, అందులో చెయ్యి పెట్టాలంటేనే అందరికీ టెన్షన్. అసిస్టెంట్‌ను కోడ్ మార్చనివ్వకుండా, ఈ లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోందో చెప్పమని మాత్రమే అడిగాం. చెప్పింది. ప్రతి మాటకూ ఏ లైన్లో ఉందో చూపించమంటే చూపించింది, మేం సరిచూసుకున్నాం. అదివరకు వారం పట్టేది ఒకటిన్నర రోజులో అర్థమైంది. మొదటి నుంచీ ఈ టూల్ వద్దన్న మా సీనియర్ ఆ రోజు నుంచి పాత ఎస్‌క్యూఎల్ క్వెరీలు చదవడానికి దీన్నే వాడుతున్నారు.

జావా టెస్టులు రాసుకునే జేయూనిట్ 4 నుంచి 5కి మారడం కూడా దీనితోనే పూర్తిచేశాం. వందల టెస్ట్ ఫైళ్లు, మూడేళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన పని. బిఫోర్ ఉన్న చోట బిఫోర్‌ఈచ్ పెట్టడం, ఎక్సెప్షన్ కోసం అసర్ట్‌త్రోస్ రాయడం లాంటి విసుగు పనుల్ని అలుపు లేకుండా చేస్తుంది. కానీ ఒకచోట జాగ్రత్త. టెస్ట్ ఫెయిలైతే చూపించాల్సిన మెసేజ్ జేయూనిట్ 4లో పోల్చే విలువలకు ముందు వస్తుంది, 5లో చివరికి వెళ్లింది. కొన్ని ఫైళ్లలో, రెండు విలువలు వేర్వేరుగా ఉన్నాయో లేదో చూసే అసర్ట్‌నాట్‌ఈక్వల్స్‌కు ఇది పాత వరుసనే ఉంచేసింది. మెసేజ్, రెండు విలువలు, మూడూ స్ట్రింగులే (అక్షరాల మాటలే) అయితే కంపైలర్ ఏమీ అనదు. టెస్ట్ మెసేజ్‌నూ మొదటి విలువనూ పోల్చుతుంది. అవి వేర్వేరుగానే ఉంటాయి కాబట్టి ఎప్పటికీ పాసవుతూనే ఉంటుంది. అలాంటివి ఏడు దొరికాయి. కావాలని కోడ్‌ను చెడగొట్టి, టెస్టులు ఫెయిలవుతున్నాయో లేదో చూశాం కాబట్టే దొరికాయి.

వేగం పెరిగిందా అని మా మేనేజర్ ప్రతి నెలా అడుగుతారు. రెండు నెలలయ్యాక టీమ్‌ను అడిగితే 11 మందిలో తొమ్మిది మంది పెరిగిందన్నారు. టికెట్ (ఒక్కో పని) మొదలైనప్పటి నుంచి ప్రొడక్షన్‌కు, అంటే కస్టమర్ల చేతికి, వెళ్లేదాకా పట్టిన రోజులు తీసి చూస్తే తేడా లేదు. రాయడంలో మిగిలిన సమయం రివ్యూ కోసం ఎదురుచూడ్డంలో పోయింది. ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. మీటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ప్రచురించిన ప్రయోగంలో అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లు తమకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో 246 పనులు చేశారు. ఏఐతో 20 శాతం వేగం పెరిగిందనుకున్నారు, నిజానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అంతకుముందు గిట్‌హబ్ కోపైలట్ అనే ఇలాంటి టూల్ మీద జరిగిన ప్రయోగంలో జావాస్క్రిప్ట్‌లో చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ రాయమంటే, టూల్ ఉన్నవాళ్లు 55.8 శాతం వేగంగా ముగించారు. రెండూ నాకు నిజమే అనిపిస్తాయి. కొత్తగా చిన్నది కట్టేటప్పుడు ఇది పరుగెత్తిస్తుంది. మూలమూలా తెలిసిన పాత కోడ్‌లో, దానికి వివరించి చెప్పేలోపు మనమే రాసేయొచ్చు. నియమాలు పెట్టుకున్న తర్వాత మా రోజులు కూడా కొంచెం తగ్గాయి, ముఖ్యంగా రియాక్ట్ స్క్రీన్లలో.

కొనే ముందు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏజెంట్ మోడ్‌కు కోటా ఉంటుంది. ఒక నెల మాది 17వ తేదీకే అయిపోయింది, అడిగేదాకా ఎవరు ఎంత వాడారో తెలీలేదు. అడ్మిన్ పేజీలో మనిషివారీగా వాడకం కనిపిస్తుందో లేదో ముందే అడగండి. మన కోడ్‌ను మోడల్ శిక్షణకు వాడరన్న మాట ఒప్పందంలో రాసి ఉండాలి. కస్టమర్ల పేర్లున్న లాగ్‌లు చాట్‌లో పేస్ట్ చేయకూడదని మేం విడిగా చెప్పాల్సి వచ్చింది. ఒకసారి అసిస్టెంట్, జావాస్క్రిప్ట్ రెడీమేడ్ కోడ్ దొరికే ఎన్‌పీఎంలో అసలు లేని ప్యాకేజీ పేరు చెప్పింది. లేదు కాబట్టి ఇన్‌స్టాల్ కాలేదు, బతికిపోయాం. అలాంటి పేరుతో ఎవరైనా పాడు కోడ్ పెట్టి ఉంచితే నేరుగా మన మెషీన్లోకి వచ్చేస్తుంది. ఇప్పుడు కొత్త ప్యాకేజీ ఏదైనా నేను చూశాకే లోపలికి వస్తుంది.

ప్రాజెక్ట్ పద్ధతులు రాసిపెట్టే సూచనల ఫైల్ మాత్రం మొదటి రోజే పెట్టుకోండి. మాది 40 లైన్లున్నప్పుడు చక్కగా పాటించింది. అందరూ తలో మాటా చేర్చి 300 చేశాక సగం పట్టించుకోవడం మానేసింది. మళ్లీ 50కి కోశాం. అందులో మొదటి లైన్: డబ్బు ఉన్నచోట బిగ్‌డెసిమల్ మాత్రమే.

గత వారం రెన్యువల్ అయింది. 11 సీట్లూ ఉంచాం. బిల్లింగ్ లెక్కల మాడ్యూల్లో ఏజెంట్ మోడ్ వద్దనుకున్నాం, అక్కడ చాట్ మాత్రమే వాడతాం. రివ్యూలకు మూడో మనిషి కావాలని మేనేజర్‌ను అడిగాను, ఒప్పుకున్నారు. వచ్చే నెల నుంచి లాక్ బగ్ పట్టుకున్న ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని రివ్యూలు నేర్చుకుంటుంది.