అనంతపురం ఎండలో ఎలక్ట్రిక్ గిటార్: తేమ మీటరు, 49 శాతం ప్యాకెట్లు ఏడాది వాడాక

ముందే చెప్పేస్తున్నా, అనంతపురంలో గిటార్ ఉన్నవాళ్ళు మొదట కొనాల్సింది కేసులో తేమ నిలిపే ప్యాకెట్లు కాదు, తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు. అది లేకుండా ఏం చేసినా చీకట్లో రాయి వేసినట్టే.

నాది సాలిడ్ బాడీ (లోపల డొల్ల లేని) ఎలక్ట్రిక్, మేపుల్ చెక్క నెక్ (గిటార్ మెడ), దాని మీద రోజ్‌వుడ్ ఫ్రెట్ బోర్డు, అంటే వేళ్ళతో తీగలు నొక్కే పట్టీ; దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు. సాయినగర్‌లో మిద్దె మీద గది, పడమటి గోడ, సాయంత్రం ఆరింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. పోయిన ఏడాది మార్చి ఆఖర్లో ఒకరోజు వాయిస్తూ ఒకటో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్‌కి చెయ్యి జరిపితే చూపుడు వేలి మొదట్లో ఏదో గీరుకుంది. లైటు కింద పెట్టి చూస్తే బోర్డు అంచు దాటి ప్రతి ఫ్రెట్ కొసా వెంట్రుక మందాన బయటికొచ్చి ఉంది, గోరుతో రాస్తే రంపం పళ్ళలా తగులుతోంది. ఫ్రెట్లు పెరగలేదు, చెక్క కుదించుకుపోయింది. చెక్క ఎండితే పొడవులో పెద్దగా తగ్గదు కానీ అడ్డంగా తగ్గుతుంది, లోహం మాత్రం ఉన్నంతే ఉంటుంది. అది చాలదన్నట్టు నెక్ కూడా కదిలి మొదటి ఫ్రెట్లలో తీగలు గరగరమనడం మొదలైంది.

'ఎలక్ట్రిక్‌కి తేమ గొడవ లేదప్పా, అదంతా అకూస్టిక్ వాళ్ళకే' అని నాకు చాలామంది చెప్పారు. అది సగమే నిజం. బాడీ చుట్టూ మందపాటి పాలిష్ ఉంటుంది కాబట్టి దానిలోకి తేమ పోవడం, రావడం బాగా నిదానం. కానీ రోజ్‌వుడ్ బోర్డుకి మామూలుగా పాలిష్ ఉండదు, గాలికి నేరుగా తగులుతుంది. మేపుల్ బోర్డులకి ఎక్కువగా పాలిష్ పూత ఉంటుంది కాబట్టి అవి కొంత నయం.

ఇక సిలికా జెల్ సంగతి. గిటార్ అమ్మినాయన కేసులో వేసుకోమని నాలుగు పొట్లాలు ఇచ్చాడు, నేనూ నమ్మి వేశాను. సిలికా జెల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి పనికొస్తుందేమో, ఎండాకాలం మన ఊళ్ళో అసలే లేని తేమని కూడా అది లాగేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా మీ కేసులో అవి ఉంటే ఈ రోజే తీసి పారేయండి, ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

మీటరు 350 రూపాయలకి వచ్చింది. చవకవాటిని వెంటనే నమ్మకూడదు. సోడా సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్దలా అయ్యేంత నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, దాన్నీ మీటరునీ గాలి పోని జిప్ కవర్‌లో ఒక రాత్రంతా ఉంచాను. ఆ కవర్ లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, అది ఉప్పు గుణం. నా మీటరు 71 చూపించింది, అంటే నాలుగు కలుపుకోవాలి. మీటరు వెనక పెన్నుతో '+4' అని రాసి పెట్టుకున్నా.

తర్వాత అసలు విషయం బయటపడింది. గిటార్‌కి 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. నా గదిలో ఏప్రిల్‌లో తెల్లవారుజామున 40 ఉండేది, మధ్యాహ్నం మూడింటికి 18! గాలిలో నీళ్ళు ఎక్కడికీ పోలేదు, గాలి వేడెక్కితే అదే తేమ శాతంలో తక్కువ పడుతుంది. కూలర్ వేస్తే గంటలో 70 దాటేది, ఆపేస్తే మళ్ళీ పడిపోయేది. ఇలా ఎక్కి దిగడం చెక్కకి మరీ చేటు. అమ్మ 'ఎండకి ఎట్లుంటావు నాయనా, కూలర్ వేసుకో' అంటుంది కాబట్టి కూలర్ మానలేదు, కిటికీ తీసి వేస్తున్నాను, గాలి గిటార్ వైపు తగలకుండా తిప్పాను, వాయించడం అవగానే గిటార్ గోడకి తగిలించకుండా కేసులో పెట్టి మూసేస్తున్నా. ఏసీ ఉన్నవాళ్ళకి బాధ ఇంకోలా ఉంటుంది, అది గాలిని ఆరబెడుతుంది.

ఇప్పుడు ప్యాకెట్లు. బోవెడా అనే కంపెనీవి, తేమని 49 శాతం దగ్గర నిలిపే రకం వాడుతున్నా, రెండు ప్యాకెట్లు, ఒకటి నెక్ కింద, ఒకటి బాడీ దగ్గర. లోపల ఉప్పు ద్రావణం ఉంటుంది, గాలి ఎండితే తేమ వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది, మనం నీళ్ళు పోసే పని లేదు. గట్టి కేసులో మీటరు 46, 48 మధ్య కదలకుండా నిలబడింది, చూసి ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు గుడ్డ గిగ్ బ్యాగులో పెట్టి చూశాను, మూడు వారాలకే ప్యాకెట్లు ఎండి లోపల పలుకులు తగిలాయి. గుడ్డలోంచి తేమ పోతుంటే అవి మాత్రం ఏం చేస్తాయి. ధర ఎక్కువే, నేను కొన్నప్పుడు రెండింటికి దాదాపు 1,500 అయింది, మన ఎండాకాలం మొత్తానికి ఒక జత చాలదు. గిగ్ బ్యాగే ఉంటే ముందు ఆ డబ్బు గట్టి కేసు మీద పెట్టండి.

సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో కూడా ఇవే పనికొచ్చాయి. రాత్రిళ్ళు గదిలో 75 దాటినప్పుడు కేసులో 52. అంతకు ముందటి ఏడాది అదే నెలల్లో తీగల మీద తుప్పు చుక్కలు వచ్చి రెండు సెట్లు మార్చాను, ఈసారి ఒకటే.

ఫ్రెట్ కొసలు బయటికొచ్చాయని వెంటనే ఆకురాయి పట్టించకండి. బెంగళూరులో గిటార్లు బాగుచేసే ఆయనకి చూపిస్తే 'మూడు వారాలు ప్యాకెట్లతో కేసులో ఉంచి తీసుకురండి, ఆ తర్వాత మిగిలినవే రాద్దాం' అన్నారు. 22 ఫ్రెట్లలో చివరికి ఐదింటికే పని పడింది. నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్ కూడా అప్పుడే, ఒక పావు చుట్టు తిప్పారు. ఈ ఏప్రిల్‌లో మళ్ళీ చెయ్యి జరిపి చూశాను, ఒకటో ఫ్రెట్ నుంచి ఇరవై రెండు దాకా ఎక్కడా గీరుకోలేదు.