ఆర్‌డీకిట్ ఫింగర్‌ప్రింట్లు: తయారీ తేలికే, కిటుకంతా దాచడంలోనే

ఏళ్ల తరబడి నా పనంతా అణువుల పోలికల చుట్టూనే తిరుగుతోంది. చేతిలో ఉన్న ఒక అణువును పోలినవి లక్షల అణువుల్లో ఎక్కడున్నాయో వెతకడం, దగ్గరి వాటిని గుంపులుగా విడదీయడం, ఆ గుంపులతో మోడళ్లకు శిక్షణ ఇవ్వడం. దీనికంతటికీ మొదటి నుంచీ ఆర్‌డీకిట్ అనే రసాయన సాఫ్ట్‌వేర్ లైబ్రరీనే నమ్ముకున్నాను. ఈ సమీక్ష లైబ్రరీ మొత్తం గురించి కాదు. బైనరీ ఫింగర్‌ప్రింట్లు, అంటే అణువు నిర్మాణాన్ని సున్నాలు, ఒకట్ల వరుసగా చెప్పే గుర్తులు, తయారు చేసి, కుదించి, దాచుకుని, మళ్లీ వాడుకోవడం గురించి మాత్రమే.

లైబ్రరీ తెలియనివారికి రెండు మాటలు. రేషనల్ డిస్కవరీ అనే చిన్న సంస్థలో పుట్టిన ఈ కోడ్ 2006లో ఓపెన్ సోర్స్ అయింది. దాన్ని అప్పటి నుంచి ముందుండి నడిపిస్తున్నది గ్రెగ్ లాండ్రమ్. లోపల సీ ప్లస్ ప్లస్, బయట పైథాన్. బీఎస్‌డీ లైసెన్సు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. ఇంత కీలకమైన పనిముట్టు ఇంత స్వేచ్ఛగా దొరకడం మా రంగానికి దక్కిన అదృష్టమని మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక అసలు విషయం. ఫింగర్‌ప్రింట్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడేది మోర్గాన్ రకం. దీని మూలం 1965లో మోర్గాన్ ప్రచురించిన పద్ధతి. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపాన్ని 2010లో రోజర్స్, హాన్ తమ వ్యాసంలో వివరించారు. ప్రతి పరమాణువు దగ్గర మొదలై, దాని పొరుగును, ఆ తర్వాత పొరుగు పొరుగును చూస్తూ, కనబడిన ప్రతి పరిసరానికీ ఒక 32 బిట్ల సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను ఫింగర్‌ప్రింట్ పొడవుతో భాగించగా మిగిలే శేషం ఎంతయితే ఆ స్థానంలోని బిట్ వెలుగుతుంది, అంటే 1 అవుతుంది. వ్యాసార్థం, అంటే ఎన్ని అడుగులు బయటికి చూడాలో, 2 ఇస్తే వచ్చేది అందరూ ఈసీఎఫ్‌పీ4 అని పిలుచుకునే దానికి సమానం. పొడవు చెప్పకపోతే 2048 బిట్లు.

ఇథనాల్‌ను తీసుకోండి. అణువులను అక్షరాలుగా రాసే స్మైల్స్ పద్ధతిలో మూడే అక్షరాలు: రెండు సీలు, ఒక ఓ. వ్యాసార్థం సున్నా దగ్గర మూడు పరమాణువులకు మూడు పరిసరాలు. ఒక అడుగు బయటికి వేస్తే మరో మూడు. రెండో అడుగు వేసేసరికి అణువే అయిపోతుంది. కొత్తగా కనబడే పరిసరం అప్పటికే నమోదైన దానితో సమానం కాబట్టి లైబ్రరీ దాన్ని వదిలేస్తుంది. మొత్తం ఆరు బిట్లు. 2048 గడుల్లో ఆరు వెలుగుతాయి, మిగతావన్నీ చీకటే. ఈ పలుచదనమే తర్వాత కుదింపుకు ప్రాణం.

తయారీ విషయంలో నాకు దాదాపు ఫిర్యాదులు లేవు. ఇప్పటి పద్ధతి ప్రకారం ఒకసారి జనరేటర్‌ను కట్టుకుని, వ్యాసార్థం, పొడవు లాంటివి దానికే చెప్పేసి, అణువులను ఒకదాని తర్వాత ఒకటి అందిస్తూ పోవడమే. ప్రతి పిలుపులోనూ అమరికలన్నీ మళ్లీ మళ్లీ ఇవ్వాల్సిన పాత ఫంక్షన్ల కన్నా ఇది ఎంతో శుభ్రంగా ఉంది. పాతవి వాడితే హెచ్చరిక వస్తుంది. ఇంటర్నెట్‌లో కనబడే నమూనా కోడ్‌లో సగం ఆ పాత తరహాలోదే కాబట్టి కొత్తగా వచ్చేవారు ఆ హెచ్చరిక చూసి కంగారు పడనవసరం లేదు, జనరేటర్‌కు మారిపోతే చాలు. ఏ బిట్ ఏ పరమాణువు వల్ల వెలిగిందో తిరిగి అడిగే సౌకర్యం కూడా ఉంది. మోడల్ ఒక బిట్‌కు ఎక్కువ బరువిచ్చినప్పుడు ఆ బిట్ వెనకున్న అణుభాగాన్ని బొమ్మ గీసి చూపగలగడం వల్ల రసాయన శాస్త్రవేత్తలతో నా సంభాషణే మారిపోయింది.

ముందే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. అడగనిదే కైరాలిటీ, అంటే అద్దంలో ప్రతిబింబాల్లాంటి అణువుల మధ్య తేడా, లెక్కలోకి రాదు. ఎల్ అలనీన్‌కూ డీ అలనీన్‌కూ ఒకే ఫింగర్‌ప్రింట్ వస్తుంది. అలాగే బిట్ అంటే ఉందా, లేదా అన్నంతవరకే. ఎన్నిసార్లు ఉందో అది చెప్పదు. అందుకే డెకేన్, డోడెకేన్ రెండూ వ్యాసార్థం 2 దగ్గర ఒకేలా కనబడి పోలికను 0 నుంచి 1 వరకు కొలిచే టానిమోటో స్కోరు 1 వస్తుంది. గొలుసు పొడవు ముఖ్యమైన చోట లెక్కలతో వచ్చే కౌంట్ ఫింగర్‌ప్రింట్ తీసుకోవాలి. ఇవి లోపాలు కావు, ఆ పద్ధతి స్వభావం.

ఇప్పుడు కుదింపు. ఇక్కడే నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. కుదింపు అనే ఒకే మాట కింద బొత్తిగా వేరైన రెండు పనులు కలిసిపోతున్నాయి. ఒకటి మడత. ఫోల్డ్‌ఫింగర్‌ప్రింట్‌ను పిలిస్తే 2048 బిట్లు 1024 అవుతాయి. రెండోది ఏమీ పోగొట్టకుండా తక్కువ బైట్లలో రాసుకోవడం. ఫైలు చిన్నదవ్వాలి అనగానే చాలామంది మొదటిదాని వైపు వెళ్తారు. వెళ్లవద్దని నా సలహా.

మడతలో జరిగేదేమిటంటే, రెండో సగాన్ని మొదటి సగం మీద వేసి ఏ ఒక్క దానిలో వెలుగున్నా వెలిగిస్తారు. ఒక అణువులో 100వ బిట్, మరో అణువులో 1124వ బిట్ వెలిగి ఉన్నాయనుకుందాం. అవి రెండు వేర్వేరు పరిసరాలు. మడిచాక రెండూ 100వ స్థానంలోనే కూర్చుని ఆ రెండు అణువులకూ ఉమ్మడి లక్షణంగా లెక్కకు వస్తాయి. స్కోర్లు మొత్తం మీద పైకి జరుగుతాయి. తిరిగి విప్పే దారి లేదు. పైగా మోర్గాన్ విషయంలో 2048ని మడిచి 1024 చేసినా, నేరుగా 1024తో తయారు చేసినా ఫలితం ఒక్కటే, శేషం లెక్క అలాంటిది. కాబట్టి చిన్న పొడవు కావాలంటే మొదటే అడగవచ్చు. అసలు అణువులు చేతిలో లేక, పొడవైన ఫింగర్‌ప్రింట్లు మాత్రమే అందినప్పుడే మడతకు నిజమైన ఉపయోగం ఉంది.

మరి పోగొట్టుకోకుండా కుదించడం? దానికి టుబైనరీ అనే చిన్న మెథడ్ ఉంది. దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం. అది వెలిగిన బిట్ల మధ్య ఎన్ని సున్నాలున్నాయో మాత్రమే రాస్తుంది. ముందు 12 బైట్ల తల ఉంటుంది: నాలుగు బైట్లలో రూపం సంఖ్య, నాలుగింటిలో మొత్తం పొడవు, నాలుగింటిలో వెలిగిన బిట్ల లెక్క. ఆ వెనక ఒక్కో ఖాళీకి ఒక సంఖ్య. 128 కన్నా చిన్న ఖాళీ ఒక బైటులో పడుతుంది, పెద్దదానికి రెండు. ఇథనాల్‌ను ఇలా రాస్తే మొత్తం పాతిక బైట్ల లోపే తేలిపోతుంది. అదే బిట్ల వరుసను (వెక్టర్‌ను) బిట్‌వెక్ట్‌టుబైనరీటెక్స్ట్‌తో ఉన్నదున్నట్టు రాస్తే 256 బైట్లు. ఫింగర్‌ప్రింట్లకు వాడే ఎఫ్‌పీఎస్ అనే పాఠ్య రూపంలో రాస్తే 512 అక్షరాలు.

మందుల వంటి మధ్యరకం అణువులకు వ్యాసార్థం 2 దగ్గర సాధారణంగా 40 నుంచి 60 బిట్లు వెలుగుతాయి. టుబైనరీతో ఒక్కోటి 60, 70 బైట్ల దగ్గర ఆగుతుంది. మడిచి 1024 చేసి ఉన్నదున్నట్టు రాస్తే 128 బైట్లు. అంటే సమాచారం పోగొట్టుకుని కూడా, ఏమీ పోగొట్టుకోని పద్ధతి కన్నా ఎక్కువ చోటు తీసుకుంటున్నాం! ఈ లెక్క ఒకసారి వేసి చూసుకున్నాక నేను పొడవు తగ్గించడం మానేసి పెంచడం మొదలుపెట్టాను. 4096 బిట్లకు వెళ్తే వెలిగే బిట్ల సంఖ్య పెద్దగా మారదు, ఖాళీలు మాత్రం పెరుగుతాయి. మునుపటికన్నా మరిన్ని ఖాళీలకు రెండు బైట్లు కావాలి కాబట్టి ఫింగర్‌ప్రింట్‌కు పదో పదిహేనో బైట్లు అదనం. దానికి బదులుగా వేర్వేరు పరిసరాలు ఒకే గడిలో ఢీకొనడం బాగా తగ్గుతుంది. నా దృష్టిలో ఇంతకన్నా లాభసాటి బేరం లేదు.

ఈ మెచ్చుకోలుకు ఒక హద్దుంది. ఖాళీలను రాసే పద్ధతిలో వెలిగిన ఒక్కో బిట్‌కు కనీసం ఒక బైటు పడుతుంది. 2048 బిట్ల వెక్టర్‌లో వెలిగినవి సుమారు 240 దాటితే టుబైనరీ రూపం ఉన్నదున్నట్టు రాసిన 256 బైట్లను మించిపోతుంది. మోర్గాన్‌లో ఆ స్థితి దాదాపు రాదు. అణువులోని బంధాల దారుల మీద ఆధారపడే, లైబ్రరీ పేరుతోనే ఉన్న ఫింగర్‌ప్రింట్‌లో మాత్రం వందల బిట్లు వెలుగుతాయి, పెద్ద అణువైతే వెయ్యి దాటుతాయి. దానికి టుబైనరీ వాడితే ఫైలు కుదించుకుపోవడం అటుంచి ఉబ్బిపోతుంది. కాబట్టి ఏ రకమైనా సరే, ముందు కొన్ని వేల అణువులకు వెలిగిన బిట్ల సగటు తీసి చూడండి. రూపం ఎంపికకు ఆ ఒక్క సంఖ్య చాలు.

2007లో పియెర్ బాల్డీ బృందం రసాయన ఫింగర్‌ప్రింట్లను నష్టం లేకుండా కుదించడం మీద ఒక వ్యాసం రాసింది. గోలాంబ్, ఎలియాస్ సంకేతాల వంటి వాటితో ఖాళీలను బైట్ల హద్దులు లేకుండా బిట్ల స్థాయిలోనే రాస్తే ఇంకా ఎంతో పొదుపు చేయవచ్చని అందులో చూపారు. సిద్ధాంతపరంగా అదే మేలు. అయినా నేను టుబైనరీ దగ్గరే ఆగాను. బైటు హద్దుల మీద నడిచే రూపాన్ని విప్పడం వేగంగా జరుగుతుంది, లైబ్రరీలోనే ఉంది, పైథాన్ వస్తువులను దాచే పికిల్ వాడినప్పుడు లోపల జరిగేదీ ఇదే. ఇంకా కుదించాలనిపిస్తే ఒక్కో ఫింగర్‌ప్రింట్‌ను విడిగా జిప్ చేయకండి. అంత చిన్న ముక్కలో పునరుక్తి దొరకదు. వేల ఫింగర్‌ప్రింట్లను ఒక దిమ్మగా చేర్చి ఆ దిమ్మను కుదించాలి.

కొత్తవారిని నిజంగా ఇబ్బంది పెట్టేది పేర్ల గందరగోళం. టుబైనరీతో రాసిన దాన్ని ఎక్స్‌ప్లిసిట్‌బిట్‌వెక్ట్ క్లాసుకు నేరుగా ఇచ్చి తిరిగి పొందాలి. బిట్‌వెక్ట్‌టుబైనరీటెక్స్ట్‌తో రాసిన దాన్ని క్రియేట్‌ఫ్రమ్‌బైనరీటెక్స్ట్‌తో చదవాలి. రెంటిలోనూ బైనరీ అనే మాట ఉంది, రెండూ బైట్లే ఇస్తాయి. మొదటి దాన్ని రెండో దానితో చదివితే తప్పు అని చెప్పేవారుండరు, పొడవు మారిపోయిన అర్థంలేని వెక్టర్ ఒకటి చేతికొస్తుంది. రెండో రూపంలో పొడవు రాసి ఉండదు కాబట్టి ఎనిమిది చొప్పున లెక్కగట్టుకుంటుంది. మ్యాక్స్ కీలు అనే మరో రకం ఫింగర్‌ప్రింట్ ఆర్‌డీకిట్‌లో 167 బిట్లు. రాస్తే 21 బైట్లు, తిరిగి చదివితే 168 బిట్లు. అసలుతో పోల్చబోతే పొడవులు సమానంగా లేవంటూ ఆగిపోతుంది. అక్కడ ఆగడమే మేలు.

ఆగనిది ఇంకొకటుంది, అదే ప్రమాదకరం. చాలామంది ఫింగర్‌ప్రింట్లను పైథాన్ సంఖ్యల లైబ్రరీ అయిన నమ్‌పైలోకి తీసుకెళ్లి ప్యాక్‌బిట్స్‌తో కుదిస్తారు. పని బాగానే ఉంటుంది, కానీ ప్యాక్‌బిట్స్ మొదటి బిట్‌ను బైటులో పెద్ద విలువ ఉన్న చివర పెడుతుంది. ఆర్‌డీకిట్, ఎఫ్‌పీఎస్ రూపాలు చిన్న చివర పెడతాయి. ఎనిమిది బిట్ల వెక్టర్‌లో సున్నా స్థానం ఒక్కటే వెలిగించి చూడండి. ఆర్‌డీకిట్ బైటు విలువ 1, ప్యాక్‌బిట్స్ బైటు విలువ 128. రెండు పక్షాలూ ఒకే పద్ధతిలో ఉన్నంతకాలం టానిమోటో సరిగ్గానే వస్తుంది. ఒకటి ఇటుదీ ఒకటి అటుదీ అయితే ఎక్కడా లోపం చూపకుండా తప్పుడు స్కోర్లు వస్తూనే ఉంటాయి. వెలిగిన బిట్ల లెక్క రెండింటిలోనూ సమానమే కాబట్టి ఆ తనిఖీలో కూడా బయటపడదు. బిట్‌ఆర్డర్ దగ్గర లిటిల్ అని రాయడం ఒక్కటే మందు. అలా కుదించకుండా నమ్‌పైలో ఫ్లోట్64గా ఉంచేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి: ఒక్కో ఫింగర్‌ప్రింట్‌కు 16 కిలోబైట్లు, పది లక్షల అణువులకు 16 గిగాబైట్లు. అవే పది లక్షలు బిట్లుగా 256 మెగాబైట్లలో ఇమిడిపోతాయి.

వెతుకులాటలో వేగం కావాలంటే మెమరీలో ఉన్నదున్నట్టున్న రూపమే ఉండాలి. 2048 బిట్లంటే 64 బిట్ల పదాలు 32 మాత్రమే, ప్రాసెసర్ వాటిలో వెలిగిన బిట్లను క్షణంలో లెక్కించేస్తుంది. నమ్‌పై 2.0 నుంచి ఆ లెక్కకు బిట్‌వైజ్_కౌంట్ కూడా వచ్చింది. ఒక అణువును పెద్ద జాబితాతో పోల్చాలంటే ఒక్కొక్క జతకూ పైథాన్ లూపు తిప్పకుండా బల్క్‌టానిమోటోసిమిలారిటీని పిలవాలి, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కోట్లలోకి వెళ్లినప్పుడు నేను ఆండ్రూ డాల్కే రాసిన కెమ్‌ఎఫ్‌పీ అనే పనిముట్టుతో ఎఫ్‌పీబీ అనే బైనరీ ఫైళ్లు తయారు చేసుకుంటాను. వాటిని చదివే క్లాసు ఆర్‌డీకిట్‌లోనూ ఉంది.

టుబైనరీ తలలో వెలిగిన బిట్ల లెక్క ఉంటుందని పైన రాశాను. దానితో ఒక మంచి పని చేయవచ్చు. టానిమోటో స్కోరు ఎప్పుడూ రెండు ఫింగర్‌ప్రింట్ల బిట్ల లెక్కల్లో చిన్నదాన్ని పెద్దదానితో భాగించిన విలువను మించదు. మన అణువులో 50 బిట్లుండి 0.7 పైన ఉన్నవే కావాలంటే, 35 కన్నా తక్కువ, 71 కన్నా ఎక్కువ బిట్లున్నవాటిని అసలు చూడనక్కర్లేదు. ఆ లెక్క కుదించిన రూపంలోనే తొమ్మిదో బైటు నుంచి పన్నెండో బైటు వరకు సిద్ధంగా ఉంది. ఆ నాలుగు బైట్లు చదివి, పనికిరానివాటిని విప్పకుండానే దాటేసి, మిగిలినవాటిని మాత్రం విప్పుతాను. డిస్కు మీద చిన్న రూపం, మెమరీలోకి అవసరమైనవి మాత్రమే. నా పనులకు ఈ అమరిక చక్కగా సరిపోయింది.

లైబ్రరీని నిర్వహిస్తున్నవారిని కోరదలచుకున్నది ఒక్కటే. వేల ఫింగర్‌ప్రింట్లను వాటి వ్యాసార్థం, పొడవు, కైరాలిటీ అమరిక, లైబ్రరీ వెర్షన్‌తో సహా ఒకే ఫైలులో రాసే సౌకర్యం లోపలే ఉంటే ఎంతో బాగుంటుంది. టుబైనరీ తల పొడవును గుర్తుంచుకుంటుంది కానీ వ్యాసార్థాన్ని గుర్తుంచుకోదు. వ్యాసార్థం 2తో చేసినవీ 3తో చేసినవీ ఒకే పొడవుతో పక్కపక్కన పడితే వాటిని విడదీసే గుర్తు ఫైలులో ఏదీ ఉండదు. అది వచ్చేదాకా నేను ప్రతి ఫైలు పక్కన ఆ నాలుగు వివరాలతో ఒక చిన్న జేసన్ ఫైలు పెడుతున్నాను.